ఆ వాక్యానికి మూలం ఏది, మాస్టారూ?

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ రోజు మన అతిథి రిటైరైన సోషల్ టీచరు. అవనిగడ్డ దగ్గర ఒక పల్లెలో పుట్టారు, ఉద్యోగం చేసి స్థిరపడింది విశాఖపట్నంలో. పదేళ్లకు పైగా తెలుగు వికీపీడియాలో తుపానుల గురించి రాస్తున్నారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి మాస్టారు అనే పిలుస్తాను. పేరెందుకు వద్దన్నారు మాస్టారూ?

మాస్టారు: అక్కడ ఎవరి పేరూ ఎవరికీ అక్కర్లేదమ్మా. వాడుకరి పేరని ఒకటుంటుంది, అంతే. నేను రాసిన పట్టికలు సరిచేసే ఆయన ఒకరున్నారు. నేను రాత్రి పడుకునే ముందు తప్పులతో వదిలేస్తే తెల్లారేసరికి శుభ్రంగా ఉంటాయి. అమెరికాలో ఉంటారేమోనని నా ఊహ. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

హోస్ట్: ఇందులోకి ఎలా వచ్చారు?

మాస్టారు: హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. అంతకు సరిగ్గా ఏడాది కిందట, అదే అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆసారి తప్పించుకున్నాం, ఈసారీ పక్కకి పోతుందిలే అనుకున్నాం. పోలేదు. కిటికీ రెక్క ఊడిపోతే మంచం నిలబెట్టి, దానికి వీపు ఆనించి కూర్చున్నాం నేనూ మా ఆవిడా. కరెంటొచ్చాక మా అబ్బాయి లాప్‌టాప్‌లో వికీ తెరిచి చూపించాడు. ‘మార్చు’ అన్న మీట ఉంది కదా, నొక్కాను. మొదటి వాక్యమే తప్పు రాశాను.

హోస్ట్: ఏం రాశారు?

మాస్టారు: ‘గాలి 215 కిలోమీటర్ల వేగంతో వీచింది’ అని. ఎవరో దాన్ని 185 చేశారు. నేను మళ్లీ 215 చేశాను. ఆయన మళ్లీ 185. చివరికి చర్చా పేజీలో తిట్టుకునేదాకా వచ్చింది... సరే, తిట్టింది నేనే అనుకో. తీరా చూస్తే ఇద్దరిదీ కరెక్టే. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీస్తుంది. హవాయిలో జాయింట్ టైఫూన్ వార్నింగ్ సెంటర్ అని అమెరికా మిలిటరీది ఒకటుంది, వాళ్లు ఒక్క నిమిషం సగటు తీస్తారు. తక్కువసేపు కొలిస్తే అంకె పెద్దదొస్తుంది. అందుకే తుపాను పేజీలో పక్కన ఉండే పెట్టెలో రెండూ రాయాలి, ఏది ఎవరి లెక్కో కూడా రాయాలి.

హోస్ట్: నేను టీవీలో విన్నది ఇంకో రకంగా ఉండేది. కేటగిరీ ఫోర్ అని...

మాస్టారు: అది అమెరికా కొలబద్ద. మనకి అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ఆ తరవాత తుపాను. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటితేనే తుపాను, అప్పుడే పేరు పెడతారు. ఇది తెలియక ఏటా ఎవరో ఒకరు అల్పపీడనానికే పేజీ తెరిచేస్తారు. దానికి పేరూ ఉండదు, రెండ్రోజుల్లో అది కరిగిపోతుంది కూడా. పేజీ మాత్రం మొలకగా మిగిలిపోతుంది.

హోస్ట్: మొలక అంటే వినేవాళ్లకి చెప్పండి.

మాస్టారు: రెండు మూడు వాక్యాల పేజీ. ఎవరైనా నీళ్లు పోస్తే పెరుగుతుంది. చాలావాటికి పోయరు.

హోస్ట్: ఇంగ్లిష్ వికీలో ఈ తుపానుల బృందం చాలా పెద్దదట కదా?

మాస్టారు: 2005లోనే ప్రాజెక్టు పెట్టుకున్నారు. అమెరికాలో కత్రీనా తుపాను వచ్చిన ఏడాది. ముదురు నీలం రంగు సముద్రం మీద రంగు చుక్కలతో తుపాను దారి చూపించే పటం చూసే ఉంటావు. అవి వాలంటీర్లు చేసేవే. ఆరేసి గంటలకి ఒక చుక్క, గాలి వేగాన్ని బట్టి రంగు. వెనకాల భూమి బొమ్మ నాసాది. ఆ రంగులు కూడా వర్ణాంధత్వం ఉన్నవాళ్లకి తేడా తెలియట్లేదని వాదించుకుని మార్చారు. వాళ్ల పని చూస్తే నాకు అసూయ. మేం తెలుగులో ఈ విషయం మీద రాసేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ల పటాలే తెచ్చి పెట్టుకుంటాం, స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి సిగ్గుపడక్కర్లేదు.

హోస్ట్: మరి వ్యాసాలు కూడా అనువాదం చేసి తెచ్చుకుంటే సరిపోదా?

మాస్టారు: (నవ్వు) ఆ అనువాదం మెషిన్ చేసిచ్చింది ఒకసారి చూడు. ‘బంగాళాఖాతంలో మాంద్యం ఏర్పడింది’ అంటుంది. ఇంగ్లిషులో వాయుగుండాన్ని డిప్రెషన్ అంటారు కదా, దాన్ని మాంద్యం చేసేసింది! ‘భూమిని చేసింది’ అని ఇంకొకటి. తీరం దాటిందని దాని భావం. వాటిని దిద్దడం కన్నా కొత్తగా రాసుకోవడమే సుఖం. మనకి ఉప్పెన అన్న మాట ఉండగా ‘తుపాను ఉప్పొంగు’ అని రాసేవాళ్లని నేను ఊరుకోను.

హోస్ట్: తుపానా, తుఫానా?

మాస్టారు: అమ్మా, ఆ సంగతి రచ్చబండలో కూడా తేలదు. మా సామూహిక చర్చా పేజీని రచ్చబండే అంటాం. ఒక పేరుతో పేజీ పెట్టి, మిగతా పేర్లతో వెతికినా అక్కడికే వచ్చేలా దారిమార్పులు పెట్టడమే. అసలు తలనొప్పి 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటినదానితో వచ్చింది. పేరు పెట్టింది మయన్మార్. ఇంగ్లిషులో రాసేది చూస్తే మిచౌంగ్, పలకాల్సింది మిగ్‌జాం. తుపాను పేర్ల జాబితాలోనే పక్కన ఉచ్చారణ ఇచ్చారు. కానీ చదివేవాళ్లు ఏ పేరుతో వెతుకుతారు? వాళ్లు ఏ పేపరు చూస్తే ఆ పేరుతో. అక్షరాలు చూసి కొందరు, చెవితో విని కొందరు.

హోస్ట్: తుపాను నడుస్తున్నప్పుడే రాస్తారా, అయ్యాకా?

మాస్టారు: నడుస్తున్నప్పుడు నేను రాయను, కాపలా కాస్తాను. ఆ రోజుల్లో అందరూ ఒకేసారి ఎడిట్ చేస్తుంటారు, దిద్దుబాటు ఘర్షణ అని వస్తూనే ఉంటుంది. పైగా పేపరు తెలుగు అలవాటు. ‘ఈ రోజు రాత్రికి తీరం దాటనుంది’ అని రాస్తారు. మర్నాటికి ఆ వాక్యం చచ్చిపోతుంది. ‘ఫలానా తేదీన వాతావరణ శాఖ ఇలా అంచనా వేసింది’ అని మార్చుకుంటూ పోవడమే నా పని. ఇంకో భయం కూడా ఉంది. ఎవరైనా మా పేజీ చూసి, పడవ తీయొచ్చా లేదా అని నిర్ణయించుకుంటే? నేను రోజంతా నిద్రపోయి ఉండొచ్చు. అధికారిక బులెటిన్ చూడమని లింకు పైనే పెట్టేస్తాను.

హోస్ట్: చనిపోయినవాళ్ల లెక్క దగ్గర గొడవలు వస్తాయని ఫోన్లో చెప్పారు.

మాస్టారు: అన్నిటికన్నా ఎక్కువ అక్కడే. హుద్‌హుద్ విశాఖ దాటిన రెండ్రోజులకి నేపాల్‌లో, అన్నపూర్ణ కొండల్లో మంచు తుపాను వచ్చింది. ఈ తుపాను మిగులే అది. నలభై మందికి పైగా పోయారు, చాలామంది ట్రెక్కింగుకి వెళ్లినవాళ్లు. వాళ్లని హుద్‌హుద్ లెక్కలో కలపాలా వద్దా? కలపాలనే నా పక్షం. కానీ ఒట్టి మొత్తం రాయకూడదు, ఏ దేశంలో ఎంతమందో విడివిడిగా చెప్పాలి. లేకపోతే విశాఖలోనే అంతమంది పోయారనుకుంటారు.

హోస్ట్: మరి 1977?

మాస్టారు: ఊఁ.

హోస్ట్: మీకిష్టం లేకపోతే వదిలేద్దాం మాస్టారూ.

మాస్టారు: లేదులే, చెప్తాను. నవంబరు 19, శనివారం. నాకప్పుడు పదేళ్లు. తుపాను చీరాల వైపు తీరం దాటితే ఉప్పెన మా దివిసీమ మీద పడింది. ఐదు మీటర్ల ఎత్తున వచ్చిందని రాస్తారు. అప్పుడు తుపాన్లకి పేర్లు లేవు, మన సముద్రంలో అవి 2004లో మొదలయ్యాయి. దానికి మా వాళ్లు పెట్టుకున్న పేరు ఒక్కటే, ఉప్పెన. ఇప్పటికీ ‘ఉప్పెన ముందు, ఉప్పెన తరవాత’ అని వయసులు లెక్కేసుకునే ముసలివాళ్లున్నారు. పోయినవాళ్లెందరంటే ఒకచోట పది వేలు, ఇంకొకచోట అంతకు ఎన్నో రెట్లు. ఎవరు చెప్పిన లెక్క వాళ్ల పేరుతోనే పక్కపక్కన పెట్టాం. ఏది నిజమో మేం తేల్చకూడదు.

హోస్ట్: మీరు చూసినది రాశారా?

మాస్టారు: ఒక వాక్యం రాశాను. మర్నాడు పొద్దున మా ఊరి గుడి అరుగు మీద ఎంతమందిమి మిగిలామో. గంటలో తిరగ్గొట్టారు. కారణం దగ్గర ‘మూలం లేదు’ అని నాలుగక్షరాల మాట. నాకు ఒళ్లు మండిపోయింది. నేనక్కడ ఉన్నానయ్యా, నేనే మూలం అని రాశాను. అవతలివాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు: ‘మాస్టారూ, మీరు అబద్ధం చెప్తున్నారని కాదు. చదివేవాళ్లు సరిచూసుకోవాలంటే మీ దగ్గరికి రాలేరు కదా. ఎక్కడైనా అచ్చయి ఉంటే చూపించండి, నేనే తిరిగి చేరుస్తాను’ అని.

హోస్ట్: మీరు ఒప్పుకున్నారా?

మాస్టారు: నెల్లాళ్లు లాగిన్ అవ్వలేదు. విచిత్రం ఏంటంటే, హుద్‌హుద్‌కి మా వీధిలో పడిపోయిన చెట్టు ఫోటో నేను తీసి ఎక్కిస్తే అది చెల్లుతుంది, సొంత ఫోటో కాబట్టి. సొంత జ్ఞాపకం చెల్లదు. ఈ సంగతి మీద నాకింకా కొంచెం కోపం ఉంది. కానీ నిబంధన తప్పని అనలేను. నాలాగే ఇంకొకాయన వచ్చి ‘మా ఊళ్లో అసలు నీళ్లే రాలేదు, నేను చూశాను’ అంటే ఏం చేస్తాం?

హోస్ట్: అయితే అచ్చయినది వెతికారా?

మాస్టారు: ఒక లైబ్రరీలో 1977 నాటి పేపర్ల బైండ్లు దొరికాయి. మూడు రోజులు కూర్చున్నాను. తుమ్ములు, దుమ్ము. పేజీకి పనికొచ్చినవి చాలా దొరికాయి. సహాయ పనులు, తెగిన రోడ్లు, సొర్లగొంది లాంటి ఊళ్ల పేర్లు. అవన్నీ తేదీ, పేజీ నంబరుతో చేర్చాను. నన్ను తిరగ్గొట్టిన మనిషే కూర్చుని ఆ మూలాలన్నీ మూసల్లో, అంటే వికీలో సిద్ధంగా ఉండే నమూనాల్లో సర్దారు. మా ఇద్దరి వల్లే ఆ భాగం నిలబడిందని చెప్పుకోవచ్చు.

హోస్ట్: అక్కడా చిన్న గొడవ ఉందన్నారు...

మాస్టారు: చీరాల జిల్లా. 1977లో ప్రకాశం. 2022లో కొత్త జిల్లాలయ్యాక బాపట్ల. రెణ్ణెల్లకొకరు వచ్చి ‘తప్పు సరిచేశాను’ అని బాపట్ల అని రాసి వెళ్తారు. ‘అప్పటి ప్రకాశం జిల్లా’ అని మళ్లీ పెడతాను. వాళ్ల మీద కోపం రాదు, శ్రద్ధ ఉండబట్టే కదా మార్చారు.

హోస్ట్: మీ ఊరు దొరికిందా, ఆ బైండ్లలో?

మాస్టారు: దొరికింది అనాలో లేదనాలో. ఒక వార్తలో వరసగా ఊళ్ల పేర్లున్నాయి. చివర్న ‘తదితర గ్రామాలు’ అని ఉంది. మాది ఆ తదితరలో ఉంది.

హోస్ట్: మరి ఆ వాక్యం?

మాస్టారు: వికీలో మాకందరికీ ప్రయోగశాల అని ఒక పేజీ ఉంటుంది, చిత్తు రాసుకోవడానికి. అందులో ఉంది. మొన్న రాత్రి అందులో ఒక అక్షరదోషం దిద్దాను.