కొన్న వస్తువు ప్రాణం ఎవరి చేతిలో?

(స్టూడియో చర్చ. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ రంగాల ప్రొడక్ట్ మేనేజర్లు, అంటే వస్తువు ఎలా ఉండాలో నిర్ణయించేవాళ్లు ఇద్దరు, వినియోగదారుల తరఫు న్యాయవాది ఒకరు పాల్గొన్నారు. మాటలు ఒకదాని మీద ఒకటి పడిన చోట్ల వినిపించినంతే ఇస్తున్నాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. చొక్కాకు తగిలించుకుని మాటతో అడిగితే జవాబు చెప్పే 'ఏఐ పిన్' అనే పరికరాన్ని అమెరికాలో 699 డాలర్లు పెట్టి కొన్నారు, నెలకు 24 డాలర్ల చందా కూడా కట్టారు. 2025 ఫిబ్రవరి 28న దాన్ని తయారుచేసిన హ్యూమేన్ సంస్థ సర్వర్లు ఆపేయగానే అది మూగబోయింది. సంస్థ ఆస్తుల్ని హెచ్‌పీ 11.6 కోట్ల డాలర్లకు తీసుకుంది. తప్పు హార్డ్‌వేర్ వాళ్లదా, సాఫ్ట్‌వేర్ వాళ్లదా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. ఇంకో మాట, మన ఇంజినీరింగ్ పిల్లలు ఈ రెండింటిలో ఏ దారి పట్టాలి? మేడమ్, మీరు మొదలుపెట్టండి.

హార్డ్‌వేర్: (సంచిలోంచి నల్లటి ప్లాస్టిక్ మూత తీసి) కెమెరా ఇటు తిప్పండి. మేము చేసిన మీటరు పెట్టె మూత, మొదటి ట్రయల్ ముక్క. స్క్రూ దిమ్మె వెనక చిన్న సొట్ట ఉంది, గోరుతో తడిమితే తెలుస్తుంది. అక్కడ ప్లాస్టిక్ మందంగా ఉండి ఆలస్యంగా చల్లారింది, లోపలికి గుంజుకుంది. పలచన చేయాలంటే డైలో, అంటే ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చులో, స్టీలు పెంచాలి. స్టీలు చెక్కడం తేలిక. చెక్కేసిన చోట నింపాలంటే వెల్డింగ్ చేయించి, మళ్లీ మిషను మీద పెట్టాలి. హైదరాబాద్ బాలానగర్‌లో మూడు వారాలు కూర్చున్నాను ఈ సొట్ట కోసం!

సాఫ్ట్‌వేర్: మీ కష్టం ఒప్పుకుంటాను మేడమ్. కానీ ఈ రోజు విషయం...

హార్డ్‌వేర్: ఒక్క నిమిషం, నేను ముగించలేదు. మీరు కొత్త సదుపాయాన్ని ముందు వందలో ఐదుగురికి ఇచ్చి చూస్తారు, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు. మాకు ఆ అవకాశం ఎక్కడుంది? 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోను సంగతి చూడండి. సుమారు 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచారు. బదులిచ్చిన ఫోన్లూ కాలాయి. రెండు కంపెనీల బ్యాటరీలు, రెండు వేర్వేరు లోపాలు. చివరికి ఫోనునే ఆపేశారు.

వ్యాఖ్యాత: అంటే పిల్లలు హార్డ్‌వేర్ నేర్చుకుంటేనే క్రమశిక్షణ వస్తుందంటారా?

సాఫ్ట్‌వేర్: దయచేసి నన్ను చెప్పనివ్వండి. ఏఐ పిన్ చచ్చిపోయింది సొట్ట వల్ల కాదు. వస్తువు ధర ఒక్కసారి వస్తుంది, సర్వర్ ఖర్చు నెలనెలా ఉంటుంది. ఎన్నేళ్లు నడుపుతాం, డబ్బు ఎక్కడిది అనే లెక్క మొదటి రోజే వేయాలి. మీకు సరుకు గడప దాటితే పని అయిపోయినట్టు. మాకు విడుదల రోజునే పని మొదలు.

హార్డ్‌వేర్: గడప దాటితే అయిపోతుందా? ఎవరన్నారు? ఆ పిన్ ఛార్జింగ్ డబ్బాకు నిప్పు ప్రమాదం ఉందని 2024 జూన్‌లో ఆ సంస్థే వాడొద్దని చెప్పింది. బ్యాటరీ ఇచ్చింది బయటి సరఫరాదారు. జవాబు చెప్పుకోవాల్సింది ఎవరు?

సాఫ్ట్‌వేర్: వెనక్కి తీసుకోవడం మాకూ అంత తేలిక కాదు. 2024 జూలై 19న కంప్యూటర్ భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన తప్పుడు అప్‌డేట్‌ను 78 నిమిషాల్లోనే ఉపసంహరించుకుంది. అయినా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

హార్డ్‌వేర్: (గొంతు పెంచి) నేను చెప్పేదీ అదే! ఒక్కో మిషను దగ్గరికి మనిషి వెళ్లి బాగుచేయాల్సి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. ముందే మాలాగా పరీక్షించి ఉంటే...

న్యాయవాది: నాకు ఇంకా మాట రాలేదండి.

వ్యాఖ్యాత: వస్తున్నాను సార్. మేడమ్, హైదరాబాద్ దగ్గర కొంగరకలాన్‌లో ఆపిల్ వాళ్ల ఇయర్‌ఫోన్లు ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి, కొత్త వస్తువుల నమూనాలు చేసుకునే టీ-వర్క్స్ కేంద్రం ఉంది. మన పిల్లలకు ఇక్కడే ఈ ఉద్యోగాలు దొరుకుతాయా?

హార్డ్‌వేర్: బిగించడం వేరు, ఏమి చేయాలో నిర్ణయించడం వేరు. ఎయిర్‌పాడ్స్ ఎలా ఉండాలో అమెరికాలో, ఆపిల్ ప్రధాన కార్యాలయం ఉన్న క్యూపర్టినోలో తేలుస్తారు. ఆ నిర్ణయం ఇక్కడికి రావాలంటే డై గదిలో నిలబడిన మేనేజర్లు కావాలి. బాలానగర్‌లో 1968 నుంచీ టూల్ డిజైన్ సంస్థ ఉంది. ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

న్యాయవాది: ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. 2024 నవంబరు 15న గానీ ఆ తర్వాత గానీ పంపిన పిన్‌లకే డబ్బు వాపసు అన్నారు. ఏప్రిల్‌లో కొన్నవాడికి ఏమీ లేదు. మన 2019 వినియోగదారుల చట్టంలో ఉత్పత్తి బాధ్యతకు ఒక అధ్యాయమే ఉంది. దాని ప్రకారం...

హార్డ్‌వేర్: చట్టం తర్వాత సంగతి. ముందు డై...

సాఫ్ట్‌వేర్: మళ్లీ డైయేనా మేడమ్! సర్వర్ ఖర్చు గురించి నేను అడిగినదానికి జవాబు రాలేదు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. పిల్లలు ముందు ఒక వస్తువు చేత్తో చేసి చూడాలన్నది మేడమ్ మాట. నాకూ సబబుగానే ఉంది. విరామం తర్వాత వార్తలు.

న్యాయవాది: ఏప్రిల్‌లో కొన్నవాళ్ల డబ్బు సంగతి...

(విరామం)