కొండబాటలో ఇంజను: ఎవరు ఆగాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

ఆదివారం తెల్లవారితే విశాఖలో రెండు రకాల జనం ఊరు దాటుతారు. కేన్వాసు బూట్లు బిగించుకుని కొండల వైపు నడిచేవాళ్లు కొందరు. మోకాళ్లకు గార్డులు కట్టుకుని, గుబ్బల టైర్ల బండ్లెక్కి వెళ్లేవాళ్లు ఇంకొందరు. భీమిలి వైపు వెళ్లినా, ఆనందపురం దాటి జీడితోటల మధ్య మట్టిదారుల్లోకి మళ్లినా, చివరికి ఇద్దరూ చేరేది ఒకే బాటకి. అక్కడ ఎదురుపడితే ఎవరు ఆగాలి?

ఇంజను ఉన్నవాడే ఆగాలి. నా మటుకు నాకు ఇందులో రెండో మాట లేదు. నడిచేవాడు అడ్డొస్తే బండివాడికి పోయేది పది సెకన్లు. బండివాడు ఆగకపోతే నడిచేవాడికి దుమ్ము, చెవులు గింగురుమనే మోత, గుండెదడ. అదృష్టం బాగోకపోతే విరిగిన కాలు. నష్టం ఇంత తేడాగా ఉన్నప్పుడు మర్యాద కూడా సమానంగా పంచుకోవాలంటే కుదరదు.

ఈ సరదా మనకి కొత్త గానీ అమెరికాలో పాతదే. అక్కడి అడవుల్లో, ఎడారి నేలల్లో నడిచేవాళ్లూ గుర్రాలవాళ్లూ సైకిళ్లవాళ్లూ, మట్టిదారుల కోసమే చేసిన డర్ట్ బైకులవాళ్లూ ఒకే బాట వాడుతూ తగువులు పడ్డారు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రభుత్వ భూముల్లో మోటారు బాటలు ఎక్కడ పెట్టాలన్నా మట్టికీ, జంతువులకీ, తోటి జనానికీ హాని తక్కువగా ఉండేలా చూడమన్నాడు. 2005లో అక్కడి అటవీ శాఖ ఇంకో అడుగు వేసి, మ్యాపులో గుర్తించిన దారుల్లో తప్ప మోటారు బండి నడపకూడదంది. ఇక బాట మీద నడిచే పద్ధతి చాలాచోట్ల ఒకటే: మోటారు బండి అందరికీ దారివ్వాలి, సైకిలు నడిచేవాళ్లకీ గుర్రాలకీ ఇవ్వాలి, నడిచేవాళ్లు గుర్రానికి ఇవ్వాలి.

గుర్రం ఎదురైతే వాళ్లు చేసే పని నాకు భలే నచ్చుతుంది. బండి పక్కకి తీసి ఇంజను ఆపేస్తారు. హెల్మెట్ తీసి గుర్రం మీదున్న మనిషిని పలకరిస్తారు. ఆ పలకరింపు గుర్రం కోసం. హెల్మెట్ పెట్టుకున్న ఆకారం దానికి ఏదో మృగంలా కనిపించవచ్చు. మనిషి గొంతు వినగానే నెమ్మదిస్తుంది. మన బాటల్లో గుర్రాలు తక్కువే గానీ గేదెలకి, మేకలకి కొదవ లేదు. మేకల మంద ఎదురైతే మనవాళ్లు చేసేదేమిటి? హారన్ కొట్టి ఎక్సలేటర్ ఇస్తారు! మంద చెల్లాచెదురవుతుంది, కాపరి తిట్టుకుంటాడు, పిల్లమేక ఒకటి వెనక్కి తిరిగి చక్రాల కిందికే పరిగెడుతుంది. ఇంజను కట్టేసి ఒక్క నిమిషం ఊరుకుంటే అవే బండి పక్కనుంచి వాసన చూసుకుంటూ వెళ్లిపోతాయి.

వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది మరొకటి ఉంది. గుంపుగా వెళ్తున్నప్పుడు ఎదుటివాళ్లకి ఎడమచేతి వేళ్లు చూపిస్తారు. మూడు వేళ్లంటే నా వెనక ఇంకా ముగ్గురున్నారని. ఆఖరివాడు పిడికిలి చూపిస్తాడు, ఇక ఎవరూ లేరని. మొదటి బండి పోయింది కదా అని బాట మధ్యలోకి వచ్చిన మనిషిని రెండో బండి గుద్దకుండా చేసే ఏర్పాటిది. దీనికి పైసా ఖర్చు లేదు, రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

అయితే మన దగ్గర ఒక తేడా ఉంది. వాళ్ల బాటలో ఎదురయ్యేవాళ్లు కూడా సరదాకి వచ్చినవాళ్లే. పాడేరు, అరకు వైపు మన కుర్రాళ్లు ట్రెయిల్ అని పిలుచుకునే బాట ఒక ఊరివాళ్లకి సంతకెళ్లే దారి. నెత్తిన అడ్డాకుల మోపు పెట్టుకున్న మనిషిని దగ్గరగా చూశారా? ఆవిడ మెడ తిప్పి వెనక్కి చూడలేదు. ఒక చెయ్యి మోపు మీద, ఇంకో చెయ్యి చంకలో పిల్ల చుట్టూ. బండి మోత వినబడగానే ఎటు తప్పుకోవాలో తెలియక నిలబడిపోతుంది. అలాంటప్పుడు పక్కనుంచి దూసుకుపోయి, పైగా ఆవిడే అడ్డంగా నిలబడిందనడం నేను చెవులారా విన్నాను. దూరంగానే బండి ఆపండి. "అమ్మా, మీరు వెళ్లండి" అనండి. ఆవిడ దాటాకే కదలండి.

గెడ్డల సంగతీ అంతే. నీళ్లు ఎగజిమ్ముతూ గెడ్డ దాటితే వీడియో బాగా వస్తుంది, కాదనను. కిందికి నాలుగడుగులు వేస్తే బిందె ముంచుకునే రేవుంటుంది. దాటక తప్పకపోతే నెమ్మదిగా, ఒక్కసారి దాటండి. ఫొటో సరిగ్గా రాలేదని మళ్లీ మళ్లీ తొక్కకండి.

ఇప్పుడు మట్టి గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. వాన వెలిసిన మర్నాడు ఎర్రమట్టి వాలు దిగుతూ వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం తిరగడం ఆగి జారుతుంది. జారినంత మేర నాలుగు వేళ్ల వెడల్పున చాలు పడుతుంది. గడ్డి వేరుతో సహా లేచిపోతుంది. తర్వాతి వానకి, అంతవరకు వాలంతా పరుచుకుని పారిన నీరు ఆ చాలులోకి దిగుతుంది. నీరు ఒకచోట చేరితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే కోత పెరుగుతుంది. ముసురు పడితే ఆ చాలు కాస్తా మోకాలి లోతు గాడి అవుతుంది. ఆ గాడిలో నడవలేక జనం పక్కనుంచి ఇంకో బాట తొక్కుతారు. అక్కడా ఇదే కథ. అందుకే వాన కురిసిన రెండు మూడు రోజులు ఎర్రమట్టి వాలు జోలికి పోకూడదు. దిగక తప్పకపోతే తక్కువ గేరులో, ఇంజను పట్టు మీద దిగాలి, ముందు బ్రేకు వేళ్లతో అందీ అందనట్టు పట్టుకుని.

ఇక అసలు చక్రమే పెట్టకూడని చోట్లున్నాయి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలనే తీసుకోండి. వేల ఏళ్లుగా పేరుకున్న ఎర్ర ఇసుక అది. వానకే కోసుకుపోయి వాగుల్లా చీలే నేల. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు ఉంది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. అక్కడ టైరు గీత వేసి, అది ఒక్కటే కదా అనుకుంటే సరిపోదు. రెండోది కంబాలకొండ. అది అభయారణ్యం, చిరుతలు తిరిగే అడవి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. మూడోది మన ఇసుక తీరం. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. బండి బరువుకి ఇసుక గట్టిపడితే పిల్లలు పైకి రావడం కష్టం. వచ్చినా టైరు గాడిలో పడితే సముద్రం దారి దొరకదు.

తీరమంటే క్వాడ్ గుర్తొస్తుంది. డబ్బు కడితే నాలుగు చక్రాల బండి మీద కాసేపు తిరగనిచ్చే చోట్లు పర్యాటక ప్రాంతాల్లో కనిపిస్తున్నాయి. నాలుగు చక్రాలున్నాయి కదా, పడిపోదులే అని నాన్నలు పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుంటారు. పడుతుంది. అమెరికాలో మొదట మూడు చక్రాలవి వచ్చాయి. అవి బోల్తాపడి జనం చనిపోతుంటే 1988లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కంపెనీలు వాటిని అమ్మడం మానేశాయి. నాలుగో చక్రం వచ్చాకా బోల్తాలు ఆగలేదు. చాలా క్వాడ్లలో వెనక రెండు చక్రాలు ఒకే ఇరుసు మీద ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి మలుపులో బండి తిన్నగా పోదామని చూస్తుంది. నడిపేవాడు ఒంటిని మలుపు లోపలికి వంచాలి. ముందు పిల్లాడు కూర్చుంటే ఒళ్లు కదిపే చోటెక్కడిది?

ఇంకో ప్రమాదం మన అలవాటులోనే ఉంది. మోటార్ సైకిల్ తోలిన కాలు, బండి ఒరుగుతోందనగానే నేల మీదకి పోతుంది. క్వాడ్ మీద అలా చేస్తే వెనక టైరు పిక్క మీదికెక్కి కాలుని కిందికి లాగేస్తుంది. కాలు ఎప్పుడూ ఫుట్‌రెస్టు మీదే ఉండాలి. ఎక్సలేటర్ కూడా తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కేది. భయపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే వేలు ఇంకా నొక్కుకుపోతుంది. డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. హెల్మెట్ ఇస్తారా? వెంట పరిగెత్తే మనిషి చేతిలో ఇంజను ఆపేసే తాడు ఉందా? లేదంటే పిల్లలకి మొక్కజొన్న పొత్తు కొనిపెట్టి ఇంటికి తీసుకెళ్లండి.

మైనర్ల చేతికి బండి ఇచ్చేవాళ్లకి ఒక మాట. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే పెద్దలకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. లైట్లు, నంబరు ప్లేటు లేని అసలు సిసలు డర్ట్ బైకు అయితే పెద్దవాళ్లు కూడా రోడ్డు మీద తోలకూడదు. ట్రక్కులో వేసుకుని పోవలసిందే.

నడిచేవాళ్లనీ కొంచెం అనాలి. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నలుగురు వరసగా బాటంతా పరుచుకుని నడిస్తే ఎంత మర్యాదస్తుడైనా ఏం చేస్తాడు? ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి. మలుపుల్లో ఒక పక్కకి జరగండి.

మరి కుర్రాళ్లు ఎక్కడికి పోవాలి అంటారు. న్యాయమైన ప్రశ్నే. విశాఖకి పద్ధతి తెలియనిదేం కాదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకి వదలడం మనకి అలవాటే. అలాగే వారంలో ఒక పూట, ఊరికీ అడవికీ గెడ్డకీ దూరంగా ఉన్న బంజరు నేలని బండ్లకి వదలొచ్చు. రైడర్లు సంఘంగా ఏర్పడి కలెక్టరు గారికి అర్జీ పెట్టుకోండి. అందులో మోత పరిమితి ఎంతో మీరే రాయండి. తీసేసిన సైలెన్సర్లతో వచ్చే సభ్యుణ్ణి మీరే బయటికి పంపుతామని రాయండి. వానలు పడ్డ వారం నేల మూసేస్తామని, గాడులు పడితే పార పట్టుకుని మీరే పూడుస్తామని కూడా రాయండి. అప్పుడు ఆ కాగితాన్ని పక్కన పడెయ్యడం ఏ అధికారికైనా కష్టం.

సెలవు. నమస్కారం.