వీపున స్నాయువు అంటించిన పొట్టి విల్లు: వేగం సరే, మరమ్మతు మాటేమిటి?

నమస్కారం. బల్ల మీద ఉన్నది జూనిపర్ చెక్కతో చేసిన విల్లు. వీపంతా, అంటే లక్ష్యం వైపు ఉండే ముఖమంతా, స్నాయువు అంటించి ఉంది. పొడవు 50 అంగుళాలు. 24 అంగుళాలు లాగితే 45 పౌండ్లు తూగుతుంది, అంటే నారిని అంత దూరం లాగడానికి పట్టే బలం అది. కొత్తది కాదు, చేతులు మారి నా దగ్గరకు వచ్చింది. రెండు జబ్బులు వెంటబెట్టుకుని మరీ వచ్చింది. పై కొప్పు దగ్గర, అంటే నారి తగిలించే పై చివర, స్నాయువు లేచిపోయి ఉంది. కింది రెక్కకు, అంటే పిడికి కింద వంగే భాగానికి, కడుపు వైపు, అంటే విలుకాడి వైపు, అడ్డంగా సన్నటి గీతలు పడ్డాయి. కాబట్టి ఈ వీడియో సగం సమీక్ష, సగం మరమ్మతు. ఇలాంటి విల్లు విషయంలో ఆ రెండింటినీ విడదీయలేం. లేచిపోయిన చోట లోపలికి చూసినప్పుడే కదా, చేసినవారి ఓపిక ఎంతో తెలిసేది!

ముందు నారి విప్పేసి చూపిస్తాను. వంపు ఎటు ఉందో గమనించండి. మామూలు చెక్క విల్లు నారి విప్పాక నిటారుగా ఉంటుంది, వాడగా వాడగా విలుకాడి వైపు కాస్త వంగి ఉండిపోతుంది. ఇది మాత్రం ఎదురుగా, లక్ష్యం వైపు వంగి ఉంది. ఆ వంపులో పెద్ద భాగం స్నాయువుదే. తడిగా అంటించిన పోగులు ఆరుతున్న కొద్దీ కుంచించుకుపోయి కర్రను తమ వైపు లాక్కుంటాయి. అంటే నారి ఎక్కించక ముందే ఈ వీపు బిగువులో ఉందన్న మాట.

స్నాయువు అంటే కండను ఎముకకు పట్టి ఉంచే తెల్లటి తాడు లాంటి భాగం. జింక, ఎల్క్, బైసన్, ఎద్దు వంటి జంతువుల కాళ్ల నుంచి, వెన్నుకు ఇరుపక్కల నుంచి తీస్తారు. కాలి స్నాయువు పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వెన్ను స్నాయువు పొడవైన పలుచని పట్టీలా వస్తుంది, పోగులు తీయడం కూడా సులువు. బలంలో ఏది మేలన్న వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నా వరకు, శుభ్రంగా విడదీసిన కాలి స్నాయువు దొరికితే చాలు, వెన్ను స్నాయువు కోసం ఎదురుచూడను.

దీని అవసరం ఎందుకు వచ్చిందో ఒక్క మాటలో చెబుతాను. విల్లు వంగినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నలుగుతుంది. చెక్క తన పొడవులో దాదాపు 1 శాతం సాగేసరికే విరిగే దశకు వస్తుంది. స్నాయువు అంతకు ఎన్నో రెట్లు సాగి మళ్లీ మొదటికి వస్తుంది. జూనిపర్ చెక్క నలుగుడును బాగా ఓర్చుకుంటుంది కానీ సాగుడును ఓర్చుకోలేదు. అలాంటి చెక్కకు వీపున స్నాయువు వేస్తే, ఎవరి పని వారు చేసుకుంటారు. ఉత్త చెక్కతో 24 అంగుళాలు లాగాలంటే నేను 56 అంగుళాలకు తక్కువ పొడవు తీసుకోను. ఇక్కడ 50 సరిపోయింది. గుర్రం మీద నుంచి వేటాడిన ఉత్తర అమెరికా మైదాన ప్రాంతపు తెగలవారి విల్లులు 4 అడుగులకు అటూ ఇటూ ఉండి కూడా విరగకుండా పనిచేశాయంటే, చాలా వాటిలో ఆ ధైర్యం స్నాయువు ఇచ్చిందే.

ఇప్పుడు వాడకం సంగతి. లాగడం మొదట్లో మెత్తగా ఉంటుంది, 20 అంగుళాల వరకు చేతికి హాయిగా వస్తుంది. ఆ తర్వాత బరువు గబగబా పెరుగుతుంది. పొట్టి విల్లు కదా, పూర్తిగా లాగేసరికి నారి కోణం ఇరుకై మూడు వేళ్లనూ ఒకదాని మీదకు ఒకటి నొక్కేస్తుంది. లావు వేళ్లున్నవారికి ఇది చికాకే. రెండు వేళ్లతో లాగితే కొంత నయం. వదిలాక పిడి దగ్గర అదురు తక్కువగానే ఉంది. కొప్పుల దగ్గర చెక్కను సన్నగా తీసి, స్నాయువును కూడా పలుచగా వేశారు. అక్కడ బరువు తగ్గించడం తెలిసినవారే ఇలా చేస్తారు.

వేగం గురించి అడిగేవారు చాలామంది ఉంటారు. స్నాయువు వేస్తే ఏ విల్లయినా వేగంగా కొడుతుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. స్నాయువు చెక్క కంటే బరువైనది. పొడవాటి విల్లుకు మందంగా అంటిస్తే ఆ బరువును మోయడానికే విల్లు శక్తి కొంత ఖర్చవుతుంది, బాణం నెమ్మదిస్తుంది. పొట్టి విల్లుకు, అదీ రెక్కల మధ్య భాగంలో మందంగా, చివరలకు పోనుపోను పలుచగా వేసినప్పుడే లాభం. ఆరడుగుల విల్లుకు స్నాయువు వేస్తానని ఎవరైనా అంటే, ముందు మంచి చెక్క వెతుక్కోమంటాను.

పై కొప్పు దగ్గరకు వద్దాం. కెమెరాను దగ్గరగా పెడతాను. లేచిన పొరను సూదితో కొంచెం ఎత్తుతున్నాను, చూడండి. కింద చెక్క మీద పొడవునా సన్నటి గరుకు గీతలు కనిపిస్తున్నాయి. స్నాయువు వేసే ముందు వీపును ఇలా గరుకు చేయాలి, జిడ్డు పోయేలా కడగాలి, ఆ తర్వాత పలుచటి జిగురు ఒకటి రెండు సార్లు పూసి ఆరనివ్వాలి. ఇక్కడ గీతలు ఉన్నాయి, జిగురు పూత ఉంది. కానీ కొప్పు చివర రెండు అంగుళాల మేర చెక్క నున్నగా మెరుస్తోంది. చేత్తో ముట్టుకున్నప్పుడు అంటిన జిడ్డు కూడా చాలు, అక్కడ జిగురు పట్టదు. మిగతా పనంతా బాగున్నందువల్లే ఈ చిన్న లోపం ఇంత స్పష్టంగా తెలుస్తోంది.

పోగులు వేసిన తీరు నాకు బాగా నచ్చింది. ఎండిన స్నాయువును సుత్తితో మెల్లగా కొట్టి, విడదీసి, దువ్వి, కట్టలుగా చేస్తారు. ఒక్కో కట్టను వెచ్చటి జిగురులో ముంచి, వేళ్లతో పిండి, వీపు మీద పొడవునా పరుస్తారు. గోడ కట్టేటప్పుడు ఇటుకల అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా చూస్తారే, ఇక్కడా అంతే. ఒక కట్ట చివర పక్క కట్ట మధ్యకు రావాలి. ఈ విల్లు వీపు మీద అతుకులు ఒకే వరుసలో పడిన చోటు నాకు ఒక్కటీ కనిపించలేదు.

జిగురు విషయంలో మాత్రం నేను కాస్త మొండివాణ్ణి. తోలు జిగురు తప్ప మరేదీ ఒప్పుకోను. పశువు తోలును, స్నాయువు ముక్కలను నీళ్లలో నానబెట్టి సన్నటి సెగ మీద కాస్తే వస్తుంది. వేడి 60, 65 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఉడుకు పట్టిస్తే జిగురు బలం పోతుంది. స్నాయువులో ఉన్నదీ, తోలులో ఉన్నదీ ఒకే మాంసకృత్తి, కొల్లాజెన్. కాబట్టి ఆరేటప్పుడు రెండూ కలిసి కుంచించుకుంటాయి. పైగా వెచ్చటి నీళ్లు తగిలితే ఈ జిగురు మళ్లీ కరుగుతుంది. కొందరు దీన్ని లోపమంటారు. నాకు మాత్రం ఈ విల్లులో ఉన్న అతి పెద్ద సుగుణం ఇదే. ఎందుకో మరమ్మతులో చూస్తారు.

పొర వేశాక ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. ఎండలో పెట్టినా, హీటరు దగ్గర పెట్టినా పైపొర ముందు బిగుసుకుని అంచులు లేస్తాయి. నీడలో, గాలి మెల్లగా తగిలే చోట ఉంచాలి. పొరకూ పొరకూ మధ్య కనీసం వారం, చివరి పొర తర్వాత కొన్ని నెలలు ఆగేవారే ఎక్కువ. తొందరపడి వంచితే ఇంకా తడి ఉన్న స్నాయువు సాగిపోయి, ఆ ఎదురు వంపు పోతుంది.

ఇలాంటి విల్లుల గురించి మనకు తెలిసినదానిలో కొంత ఇషీ అనే మనిషి పుణ్యం. కాలిఫోర్నియాలో యాహీ తెగకు చెందిన ఆయన 1911లో ఒరోవిల్ పట్టణంలో బయటి లోకానికి కనిపించాడు. 1916లో క్షయతో చనిపోయేవరకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్నాడు. సాక్స్టన్ పోప్ అనే వైద్యుడు ఆయన దగ్గర విలువిద్య నేర్చుకుని, విల్లు చేసే పద్ధతిని రాసిపెట్టాడు. ఇషీ జింక స్నాయువును నోట్లో నమిలి మెత్తబరిచి పోగులు విడదీసేవాడు. సాల్మన్ చేప చర్మాన్ని కాచి జిగురు చేసేవాడు. ఇక ఆర్కిటిక్ ప్రాంతంలో ఇన్యూట్ ప్రజలది మరో దారి. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కే వారికి దిక్కు. వారు జిగురు జోలికి పోకుండా, స్నాయువును తాళ్లుగా పేని వీపు వెంట కట్టేవారు. తడి వాతావరణంలో జిగురు ఆరే గొడవే లేదు. ఎంత తెలివైన పనో!

తడి మాట వచ్చింది కాబట్టి ఈ విల్లుకున్న అసలు బలహీనత చెప్పేస్తాను. ముసురు పట్టిన రోజుల్లో స్నాయువు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. లాగితే బరువు తగ్గిందని స్ప్రింగు త్రాసు చెప్పకముందే చేతికి తెలుస్తుంది. లక్క పూత, కొవ్వు, పాము చర్మం, బర్చ్ చెట్టు బెరడు వంటివన్నీ ఈ తేమను ఆపడానికి పుట్టినవే. ఏదీ పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. ఈ విల్లుకు లక్క పూత ఉంది కానీ అంచుల్లో పలచబడింది. ఏడాది పొడవునా తేమగా ఉండే చోట నివసించేవారికి నేను దీన్ని సిఫారసు చేయను.

సరే, మరమ్మతు. లేచిన పొర కింద దుమ్మును మెత్తటి కుంచెతో తీశాను. నున్నగా ఉన్న చెక్కను సన్నటి ఆకురాయితో పొడవు వాటున గీసి, స్పిరిట్‌తో తుడిచి జిడ్డు వదిలించాను. ఇప్పుడు పలుచటి వెచ్చటి జిగురును సూది లేని సిరంజితో లోపలికి పంపుతున్నాను. పాత జిగురు ఈ వేడికి మెత్తబడి కొత్తదానితో కలిసిపోతుంది. అందుకే తోలు జిగురంటే నాకు అంత పట్టుదల. ఇక్కడ సూపర్‌ గ్లూ పోస్తే ఈ రోజుకు అంటుకుంటుంది. రేపు మళ్లీ లేస్తే, ఆ గట్టిపడిన పొర మీద తోలు జిగురు పట్టదు, గీకి తీయడమే గతి. వేలితో నొక్కి గాలి బుడగలు బయటకు తోలాక గుడ్డ పట్టీ బిగించి చుట్టాను. ఆరాక పట్టీ తీసి, అదే చోట తడి స్నాయువు పోగులను అడ్డంగా చుడతాను. అవి ఆరుతూ బిగుసుకుని పొరను పట్టేస్తాయి. కొప్పు దగ్గర ఈ చుట్టు మొదటే ఉండాల్సింది.

రెండో జబ్బు ఇంత తేలిక కాదు. కింది రెక్క కడుపు మీద అడ్డంగా పడిన ఈ గీతలు పగుళ్లు కావు, చెక్క పోగులు నలిగి మడతపడిన గుర్తులు. వీటికి మందు ఇంకో పొర స్నాయువు వేయడమేనని చాలామంది అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. వీపు ఎంత బలపడితే కడుపు మీద నలుగుడు అంత పెరుగుతుంది. ఇక్కడ వంపు ఒక్కచోటే ఎక్కువగా పడుతోంది, అందుకే అక్కడే నలిగింది. నారి ఎక్కించి గోడకున్న గళ్ల పలక ముందు పెడితే చూడండి, ఈ నాలుగు అంగుళాల దగ్గర రెక్క మడిచినట్లుగా వంగుతోంది, దానికి అటూ ఇటూ బిర్రుగా ఉంది. గీతలున్న చోట చెక్కను తాకకూడదు. బిర్రుగా ఉన్న రెండు పక్కలా కడుపు వైపు గాజు పెంకుతోనో గీకుడు బ్లేడుతోనో పలుచగా గీకాలి. కొంచెం గీకడం, కొన్నిసార్లు సగం వరకు లాగి వదలడం, మళ్లీ చూడడం. బరువు కొన్ని పౌండ్లు తగ్గుతుంది, తగ్గనివ్వండి. వీపు వైపు మాత్రం బ్లేడు పెట్టకూడదు, తెగిన స్నాయువు పోగు పనికిరాదు.

కొనాలనుకునేవారు రెండు మోసాలు తెలుసుకోవాలి. కృత్రిమ స్నాయువు పేరుతో మైనం పట్టించిన నైలాన్ దారం అమ్ముతారు. అది కుట్టుపనికి బాగుంటుంది. విల్లు వీపుకు మాత్రం పనికిరాదు. జిగురు పట్టదు, ఆరి కుంచించుకోదు. రెండోది, పచ్చి తోలు పట్టీ అంటించి స్నాయువు విల్లుగా చెప్పడం. తోలు, చెక్క పేళ్లు లేవకుండా కాపాడుతుంది, వేగానికి చేసేది దాదాపు ఏమీ లేదు. అసలు స్నాయువైతే, లక్క పూత కింద పొడవాటి పోగులు తేనె రంగులో కనిపిస్తాయి. పైన అడ్డంగా వెంట్రుక లాంటి గీతలు కనిపిస్తే వెంటనే భయపడకండి. అవి తరచుగా పూతలోనివే. గోరు పెట్టి చూడండి, పోగులు తెగి రేగి ఉంటే మాత్రం విల్లును అక్కడే వదిలేయండి.

నా తీర్పు ఇది. విల్లు చేసినవారి చేతిపనికి, ముఖ్యంగా పోగులు పరిచిన తీరుకు మంచి మార్కులే వేస్తాను. వంపు సరిచూడడంలో మాత్రం ఇంకా పని మిగిల్చారు. మొదటిసారి విల్లు పట్టేవారికి ఇది వద్దు, పొడవైన ఉత్త చెక్క విల్లు చాలు. పనిముట్లు చేతబట్టి కూర్చోవడం ఇష్టమైనవారికి, పొడి వాతావరణంలో ఉండేవారికి ఇది చక్కటి తోడు. వాడనప్పుడు నారి విప్పి పడుకోబెట్టండి, గోడకు చేరవేసి నిలబెట్టకండి. ఇషీ కూడా నిలబెట్టడాన్ని ఒప్పుకునేవాడు కాదట.

కింది రెక్క పని పూర్తయ్యేవరకు నేను దీన్ని 20 అంగుళాలు దాటి లాగను. పై కొప్పుకు అడ్డంగా పోగులు చుట్టడం, లక్క పూత మళ్లీ వేయడం తర్వాతి వీడియోలో చూపిస్తాను. జిగురు పాళ్ల గురించి గానీ, గీకడం గురించి గానీ సందేహాలుంటే కింద రాయండి.