డయాలసిస్ మిషన్ ఇచ్చారు సరే, మూడు నెలల తర్వాత రక్తపరీక్ష ఎవరు చేయిస్తారు?

(తెర మీద: విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ముందు ఉదయపు రద్దీ. తర్వాత ఉద్దానం కొబ్బరితోటలు.)

నమస్తే అండీ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస పండే పచ్చటి ఊళ్లు. కానీ ఉద్దానం అనగానే మన విశాఖలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. సుగర్ లేకపోయినా, బీపీ లేకపోయినా, పొలం పని చేసుకునే మనిషికి కిడ్నీలు పాడైపోతాయి. ఎండలో చెమటోడ్చే పని, తాగే నీళ్లు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ అనుమానాలు బోలెడు. ఇదే కారణం అని మాత్రం ఇంకా తేలలేదు.

మీ దగ్గర కోటి రూపాయలున్నాయి, ఉద్దానానికే ఇవ్వాలని ఉంది అనుకోండి. దేనికిస్తారు?

చాలామంది డయాలసిస్ మిషన్లు కొనిస్తారు. తప్పేం లేదు. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. అది దగ్గర్లో ఉంటే విశాఖ దాకా బస్సెక్కే బాధ తప్పుతుంది. కానీ వచ్చే ఏడాది కొత్తగా ఆ మంచమెక్కేవాళ్లను మిషన్ ఆపలేదు కదా. అందుకు జబ్బుకి కారణం తెలియాలి, అంటే రీసెర్చ్ జరగాలి. రీసెర్చ్‌కి డబ్బు అడిగితే దాతలు కాస్త నసుగుతారు. రిబ్బన్ కటింగ్ ఉండదు మరి!

(తెర మీద: ఊరి బడిలో మెడికల్ క్యాంపు. టెంటు, బ్యానరు, వరసలో జనం.)

మనకు బాగా అలవాటైన దానం మెడికల్ క్యాంపు. అందరికీ రక్తం తీస్తారు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ చూస్తారు, సాయంత్రానికి టెంటు విప్పేస్తారు. కానీ అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని డాక్టర్ నిర్ధారించాలంటే, పరీక్షలో కనిపించిన తేడా కనీసం మూడు నెలలు కొనసాగాలి. అంటే అదే మనిషికి అదే పరీక్ష మళ్లీ చేయాలి. ఈలోపు ఆయన పనికోసం చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లిపోయి ఉండొచ్చు. ఫోన్ చేసి, ఇంటికి వెళ్లి, పండక్కి ఎప్పుడొస్తారో కనుక్కుని రక్తం తీసుకోవాలి. ఈ పని చేసే అమ్మాయికి నెలనెలా జీతం కావాలి, బండికి పెట్రోలు కావాలి. తీసిన శాంపిల్‌ని ఏళ్ల తరబడి దాచాలంటే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉండాలి, కరెంటు పోతే జనరేటర్ ఉండాలి, అందులో డీజిల్ ఉండాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూసినవాళ్లం, కరెంటు ఎన్ని రోజులు పోతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు.

డీజిల్ డబ్బా మీద పేరు చెక్కించుకునే దాత నాకు ఇంతవరకు తగల్లేదు. కానీ కారణం వెతికే రీసెర్చ్ నడిచేది ఈ జీతాలు, ఈ డీజిల్ మీదే. నా లెక్కలో ఆ కోటిలో ఎక్కువ భాగం వెళ్లాల్సింది వీటికే.

స్ట్రాటెజిక్ ఫిలాంత్రొపీ అని పెద్దపెద్ద మీటింగుల్లో వినపడేది ఇదే. ఏ ఫలితం కావాలో ముందు తేల్చుకుని, దానికి ఎక్కడ డబ్బు ఆగిపోయిందో వెతికి అక్కడ పెట్టడం.

(తెర మీద: పసిబిడ్డ నోట్లో టీకా చుక్కలు.)

ఇది జరిగే పనేనా అంటే, జరిగింది. పసిపిల్లల విరేచనాలకు పెద్ద కారణం రోటావైరస్. దానికి విదేశీ టీకాలు ఉన్నాయి, కానీ ఖరీదెక్కువ. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల్లో దొరికిన ఒక రకం వైరస్‌తో హైదరాబాద్ భారత్ బయోటెక్ కంపెనీ టీకా తయారుచేసింది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, గేట్స్ ఫౌండేషన్, మరికొన్ని సంస్థలు ఖర్చు పెట్టుకున్నాయి. కంపెనీ డోసు ఒక్క డాలరుకే ఇస్తానని మాటిచ్చింది. 2016లో ప్రభుత్వ టీకాల్లో దీన్ని మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్ర ఒకటి. వైరస్ దొరికినప్పటి నుంచి చుక్క నోట్లో పడేదాకా దాదాపు ముప్పై ఏళ్లు. అంత ఓపిక లేనివాళ్లు రీసెర్చ్ జోలికి రాకపోవడమే మంచిది.

మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్‌కి ఆఫ్రికాలో వేసే టీకాది ఇంకా ముచ్చటైన కథ. 2001లో గేట్స్ ఫౌండేషన్ 7 కోట్ల డాలర్లు ఇచ్చింది. టీకా చేశాక ధర చూద్దాం అనుకోలేదు. మీరు ఎంత పెట్టగలరు అని అక్కడి ప్రభుత్వాలను ముందే అడిగి, ఆ ధరకు అమ్మగలిగే కంపెనీని వెతికారు. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ ముందుకొచ్చింది. 2010లో బుర్కినాఫాసోలో మొదలైన ఆ టీకా డోసు అప్పట్లో అర డాలరు కంటే తక్కువకే వచ్చింది.

(తెర మీద: యల్లాప్రగడ సుబ్బారావు ఫొటో.)

అన్నీ ప్లాన్ ప్రకారమే జరగవు లెండి. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త సుబ్బారావుగారు అమెరికా చదువుకి వెళ్లడానికి మామగారి సాయంతో పాటు కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ భరోసా కూడా ఉంది. తర్వాత అక్కడి లెడర్లే మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆయన బృందం అమైనోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా, అంటే రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలమైనా జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో రాశారు. ఓ కుర్రాడి చదువుకి అండగా నిలిచిన కాకినాడ ట్రస్టుకి ఇవేమీ తెలియవు. వ్యూహం అంటే మనిషిని నమ్మి ఇచ్చే ఇలాంటి సాయాన్ని మానేయమని కాదు.

ల్యుకేమియా అంటే ఇంకో సంగతి. భార్య మెహర్‌బాయి ఆ జబ్బుతోనే పోయాక దొరాబ్జీ టాటాకు కేన్సర్ ఆసుపత్రి ఆలోచన వచ్చింది. ఆయన పోయాక, 1941లో ఆయన ట్రస్టు ముంబైలో టాటా మెమోరియల్ తెరిచింది. 1957లో కేంద్రం తీసుకుంది, 1962లో అణుశక్తి శాఖ కిందికి వెళ్లింది. మన అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఆ టాటా మెమోరియల్ శాఖే. ట్రస్టు మొదలుపెట్టింది, ప్రభుత్వం మోస్తోంది.

(తెర మీద: విశాఖ పోర్టు, ఫ్యాక్టరీ పొగగొట్టాలు.)

ఇక మన కంపెనీల విషయం. చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి, ఖర్చు పెట్టాలి. మార్చి దగ్గరపడితే టెన్షన్, దాంతో గబగబా ఓ అంబులెన్స్. నిజానికి అంత కంగారు అక్కర్లేదు. కొనసాగే ప్రాజెక్టు అని రాసుకుంటే మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు నడపొచ్చు, మిగిలిన డబ్బు ప్రత్యేక ఖాతాలో ఉంచొచ్చు. మూడు నెలల తర్వాత గడప తొక్కే ఆ అమ్మాయి జీతానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

ఒప్పందంలో రెండు విషయాలు మాత్రం ముందే రాయించండి. ఒకటి, ఫలితం ఎలా వచ్చినా బయటపెడతాం అని. రేపు పురుగుమందుల కంపెనీయే ఉద్దానం రీసెర్చ్‌కి డబ్బిస్తానంటే ఈ మాట లేకుండా సంతకం పెట్టొద్దు. రెండోది, అయిదో ఏడు నుంచి ఆ జీతాలు, ఆ డీజిల్ ఎవరి పద్దులోకి వెళ్తాయో, ఆ శాఖ అధికారి సంతకంతో సహా.