కళ్లు పచ్చబడకముందే అంటుకునే కామెర్లు

(దృశ్యం: ఊరి వీధి. ఇంటి ముందు కుళాయి గుంట, పక్కనే మురుగు కాలువ.)

వీధిలో ఒకరికి కామెర్లు వచ్చాయని తెలియగానే ఆ ఇంటివైపు వెళ్లడం మానేస్తాం. అవి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-ఏ వైరస్ వల్ల వచ్చినవైతే ఆ జాగ్రత్త అప్పటికే ఆలస్యం. కళ్లు పచ్చబడటానికి ఒకటి రెండు వారాల ముందే రోగి మలంలో వైరస్ బాగా ఎక్కువగా పోతుంది. ఆరేళ్లలోపు పిల్లల్లో చాలామందికి కళ్లు పచ్చబడనే పడవు. వాళ్లు ఆడుకుంటూనే ఇంట్లో పెద్దవాళ్లకి అంటిస్తారు. పెద్దవాళ్లలో మాత్రం 70 శాతానికి పైగా కామెర్లు బయటపడతాయి, జబ్బూ ముదురుతుంది.

(దృశ్యం: గుంటలోకి దిగి బిందె నింపుతున్న మహిళ. తర్వాత పైపు లోపలి బొమ్మ.)

మలంలోని వైరస్ నీళ్ల ద్వారానో, చేతుల ద్వారానో నోట్లోకి చేరుతుంది. పల్లెల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ కుళాయి గుంటే. ప్రెజర్ చాలదని కుళాయిని నేలకంటే కిందికి దించుతాం. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అయి, గుంటలో నిలిచిన మురుగును లోపలికి లాక్కుంటుంది. మర్నాడు మొదటి బిందెలో పడేది అదే. కాలువలోంచి పోయే పైపు పగిలినా ఇంతే. నీళ్లు తేటగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ట్యాంకులో బ్లీచింగ్ వేశామని పంచాయతీ వాళ్లు చెబితే సరిపెట్టుకోకండి. చివరి వీధి చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందా అని అడగండి. ఈలోగా నీళ్లు మరిగించి తాగండి. దొడ్డికి వెళ్లొచ్చాక, పిల్లలకి కడిగాక సబ్బుతోనే చేతులు కడుక్కోండి. శానిటైజర్‌ని నమ్ముకోవద్దు.

(దృశ్యం: పసరు మందు కోసం బారులు తీరిన జనం.)

ఈ జబ్బు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం పసరుకి వస్తుంది. కొన్ని పసర్లు అసలే దెబ్బతిన్న కాలేయాన్ని ఇంకా పాడుచేస్తాయి. చేతి మీద వాతలు పెట్టించడం వల్ల పుండు తప్ప మిగిలేదేమీ లేదు. డాక్టరుని అడక్కుండా పారాసెటమాల్ కూడా వేసుకోవద్దు. మత్తుగా పడి ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, రక్తం కారినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు. అది హెపటైటిస్-ఈ కావచ్చు. అదీ కలుషితమైన నీళ్లతోనే వస్తుంది, కడుపుతో ఉన్నవాళ్లకి ప్రాణాంతకం కావచ్చు.

హెపటైటిస్-ఏకి టీకా ఉంది. ఏడాది నిండిన పిల్లలకి వేయించవచ్చు.