గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం: ఇవాళ షటిల్, రేపు కబడ్డీ, మరి ఎల్లుండి?

అందరికీ నమస్తే. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం ముందు నుంచి రోజూ ఆఫీసుకి వెళ్తూ, ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టనివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఈరోజు దాని గురించి మాట్లాడదాం.

2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాద్‌లో జరిగినప్పుడు తయారైన ప్రాంగణం ఇది, జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ మన దేశానికి మొదటిసారి వచ్చింది ఈ హాలుకే. చైనా ఆటగాడు లిన్ డాన్ ఇక్కడే పురుషుల సింగిల్స్ గెలిచాడు, మన సైనా క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. అదే హాల్లో 2024 మార్చి 1న ప్రొ కబడ్డీ ఫైనల్, పుణేరి పల్టన్ 28-25తో హర్యానా స్టీలర్స్‌ని ఓడించింది.

ఇన్ని ఆటలు ఒకే చోట ఆడించడం తేలిక కాదండీ. షటిల్ కాక్ బరువు 5 గ్రాములు, అంతే! ఏసీ గాలి కాస్త అటూ ఇటూ అయినా చాలు, లోపల పడాల్సిన షాట్ లైన్ దాటిపోతుంది. అందుకే ప్లేయర్లు వార్మప్‌లోనే రెండు వైపుల నుంచీ కొట్టి చూసి, ఏ సైడు నుంచి షటిల్ ఎక్కువ దూరం పోతోందో పట్టేస్తారు. లైటు నెత్తిమీద నేరుగా ఉంటే పైకి చూసిన ప్లేయర్‌కి కళ్ళు చెదిరిపోతాయి కాబట్టి కోర్టు పక్కల నుంచి వేయాలి. కబడ్డీకి ఈ గొడవేం లేదు, 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మ్యాట్ పరిచి, ఎంత వెలుగైనా కొట్టొచ్చు, ఎంత గోలైనా చెయ్యొచ్చు.

ఇక పాటల కచేరీలు, డాన్స్ ప్రోగ్రాంలు. ఇలాంటి హాళ్ళలో అవి జరగాలనే నేనంటాను, అద్దె వస్తేనే కదా మెయింటెనెన్స్ నడిచేది. కానీ చెక్క ఫ్లోర్ మీద ఇనుప స్టేజీ, వందల కుర్చీలు ఈడ్చుకుంటూ పోతే ఆ గీతలు మర్నాడు ప్రాక్టీసుకొచ్చే పిల్లల కాళ్ళకిందే ఉంటాయి, అక్కడ జారిపడి మోకాలు పోగొట్టుకుంటే ఆ పిల్లకి ఎవరు జవాబు చెప్తారు? హాలు అద్దెకిచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఫ్లోర్ మీద కవర్ పరిచాకే సామాన్లు దించాలని, పాడైతే డిపాజిట్‌లోంచి కోస్తామని అద్దె కాగితంలోనే రాయించండి. ఏ ఈవెంట్ ఉన్నా సరే, పిల్లల ప్రాక్టీసుకి పొద్దున రెండు గంటలు తాళం తీసే ఉంచండి, హాలు ఖాళీ లేదంటే వాళ్ళకి వేరే చోటు చూపించే బాధ్యత కూడా అద్దెకిచ్చినవాళ్ళే తీసుకోవాలి.