ముందు బ్రేకు మీద మనకెందుకింత భయం?

(చలికాలం జారే రోడ్ల మీద బండి ఆపడం గురించి ప్రొద్దుటూరులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తెల్లవారకముందే లేచి ఇల్లిల్లూ తిరిగి పాలు పోసి, క్యాన్లు బండికే ఉంచి ఇటు వచ్చిన అన్నలకు, పిల్లలను బడికి పంపి స్కూటర్ల మీద వచ్చిన అమ్మలకు, ఈ కళాశాల విద్యార్థులకు నా కృతజ్ఞతలు.

నా చేతిలో రెండు భాగాలున్నాయి. ఇది వెనుక చక్రం బ్రేకు షూ, డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపేది. దీని మీది లైనింగు అరిగి అరిగి అంచున అట్టముక్కంత మిగిలింది. ఈ మూలైతే లోహమే పైకి తేలింది. వేలితో తడిమితే గరుకు తగలదు, అద్దంలా నున్నగా ఉంటుంది. ఇది ముందు చక్రం డిస్కు ప్యాడ్, చక్రంతో తిరిగే డిస్కు పళ్లేన్ని పట్టి ఆపేది. మధ్యలో ఈ గాడి అరుగుదల తెలియడానికి పెట్టింది. ఇంకా లోతుగానే ఉంది చూడండి. రెండూ ఒకే బండి నుంచి ఒకే రోజున ఊడదీశాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు చూసి వెనక్కి అందించండి.

ఈ ఊళ్లో ఇరవై ఎనిమిదేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. ఇలాంటి జత నా బల్ల మీదికి రాని నెల లేదు. మనలో చాలామంది బండ్లు విప్పితే ఇదే కనిపిస్తుంది. మనం బండిని పాదంతోనే ఆపుతున్నాం. అన్నిటికన్నా బలమైన బ్రేకు చేతి కిందే ఉన్నా దాన్ని ముట్టుకోవడం లేదు.

ఎందుకంటే బండి నేర్పిన అన్నో మామో మొదటి రోజే చెప్పి ఉంటారు: "ముందు బ్రేకు జోలికి పోవద్దు, పల్టీ కొడతావు." ప్రేమతోనే చెప్పారు. కానీ ఆ మాటలో సగమే నిజం. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజితే పడతాం, మెల్లగా పిండితే నిలబడతాం. గుంజడానికీ పిండడానికీ మధ్య తేడా అర సెకను. ఆ అర సెకను గురించి మాట్లాడడానికే ఇక్కడికి వచ్చాను.

బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం. బండి బరువు కూడా అలాగే ముందు చక్రం మీదికి తూలుతుంది. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు కిందికి కుంగడం మీరంతా చూసే ఉంటారు. బరువు పడిన టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. అదే సమయంలో వెనుక టైరు తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని పాదంతో తొక్కిపెడితే తిరగడం మానేసి జారడం మొదలుపెడుతుంది. అందుకే ఎండిన రోడ్డు మీద బండిని ఆపే శక్తిలో దాదాపు 70 శాతం ముందు చక్రానిదే. తడి రోడ్డు మీద బండి అంత గట్టిగా ఆగదు, బరువు అంతగా ముందుకు రాదు, కాబట్టి వెనుక బ్రేకు వంతు కొంత పెరుగుతుంది. అయినా ముందు బ్రేకును వదిలేసేంత పెరగదు. జారే చోట రెండూ కలిపి వాడాలి.

ఇక ఆ అర సెకను. ముందు బ్రేకు లివరును గుంజితే బరువు ముందుకు చేరకముందే ప్యాడ్లు డిస్కును బిగబట్టేస్తాయి. టైరుకు పట్టు ఇంకా రాలేదు, చక్రం మాత్రం ఆగిపోయింది. ముందు చక్రం జారుతుంటే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి వినదు, రెప్పపాటులో పక్కకు ఒరిగిపోతుంది. అదే లివరును మొదట ప్యాడ్ ఆనేంత నొక్కి, ఫోర్కు కుంగుతున్నట్టు తెలియగానే ఇంకొంచెం, ఆపైన మరికొంచెం నొక్కితే పట్టు వచ్చిన కొద్దీ బ్రేకు పెరుగుతుంది. పాలు పితికే అన్నలకు ఇది నేను నేర్పనక్కర్లేదు. చన్ను గుంజితే బర్రె తంతుంది. మెల్లగా ఒత్తిడి పెంచితే చేపుతుంది. లివరు మీద కూడా అదే చెయ్యి కావాలి.

నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. చాలా ఏళ్ల కిందట, డిసెంబరులో ఒక తెల్లవారుజామున జమ్మలమడుగు వెళ్తున్నాను. శనగ చేలల్లో పనులు జరుగుతున్న రోజులు. రాత్రి చినుకులు పడ్డాయి. చేలోంచి వచ్చిన ట్రాక్టరు చక్రాలకు అంటుకున్న నల్లరేగడి తారు రోడ్డు మీద పెళ్లలు పెళ్లలుగా పడి, దాని మీద లారీలు తిరిగి పలచని పూతలా పరుచుకుంది. మసక వెలుతురులో తారూ నలుపే, మట్టీ నలుపే. ఎదురుగా ఒక కుక్క అడ్డం వచ్చింది. నేను వెనుక బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. వెనుక చక్రం నన్ను దాటి ముందుకు వస్తున్నట్టు పక్కకు తిరిగింది. కాలర్ బోన్ విరిగి రోడ్డు వారన తుమ్మచెట్టు కింద పడి ఉన్నాను. నా చొక్కా మీది బురదను వేళ్ల మధ్య రుద్దితే వెన్న రాసుకున్నట్టుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు మట్టినే తిట్టుకున్నాను. మట్టి తప్పు కొంత. మిగతాది నా పాదం తప్పు.

చలికాలం రోడ్డు అంటే మంచు దేశాల్లో గడ్డకట్టిన రోడ్డు. మనకా బాధ లేదు. మన చలికాలం వేరే రకంగా జారుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, ఆ పైన సంక్రాంతి దాటేదాకా పొగమంచు, రాత్రి తేమ. ఎక్కువ రోజులు ఎండిన రోడ్డు మీద నూనె మరకలు, టైర్ల రబ్బరు, దుమ్ము పేరుకుని ఉంటాయి. తొలి చినుకులకు అవన్నీ తేలి జిడ్డవుతాయి. గట్టివాన కాసేపు కడిగిన తర్వాత రోడ్డు కొంత నయం. మొదటి పది, ఇరవై నిమిషాలే మోసం చేసేవి. ఆ కాసేపు ఎక్కడైనా టీ బంకు దగ్గర ఆగగలిగితే ఆగండి.

ఎర్రగుంట్ల వైపు వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. నాపరాళ్లు కోసి పాలిష్ పట్టినప్పుడు వచ్చే తెల్లటి బురద, బూడిద లారీల నుంచి రాలే పొడి. పగలు అవి దుమ్ము మాత్రమే. తెల్లవారుజామున మంచు పడితే గోడకు వేసే సున్నంలా మారతాయి. పెన్నా వంతెన ఎక్కేటప్పుడు కాళ్ల కింద "టకటక" అని చప్పుడు చేసే ఇనుప జాయింట్లు, రైలు గేటు దగ్గర పట్టాలు, జీబ్రా గీతల తెల్లరంగు, ఇవన్నీ తడిస్తే నున్నటివే. వీటి మీద ఉన్నప్పుడు బ్రేకు ముట్టుకోకండి. ముందే వేగం తగ్గించుకుని, పట్టాలను వీలైనంత అడ్డంగా, నిటారుగా దాటండి.

రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. ఉలవలు, కొర్రలు, మొక్కజొన్న. కోసిన ఉలవ మొక్కలనైతే బండ్ల చక్రాల కింద నలగడానికే పరుస్తాం. రైతులను తప్పుపట్టి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. కల్లం లేని రైతుకు తారు రోడ్డే కల్లం. కానీ ఎండిన గింజ చక్రం కింద గోళీలా దొర్లుతుంది. తడి కన్నా అది ప్రమాదం, ఎందుకంటే మనకు అది తడిలా కనిపించదు. దూరం నుంచే చూసి, ధాన్యం మొదలయ్యే లోపే బ్రేకు పని ముగించి, యాక్సిలరేటర్ సగం వదిలి తిన్నగా దాటండి. ఈ సభలో ఉన్న రైతులకు రెండు చేతులూ జోడించి ఒక మనవి. ధాన్యం ఎత్తాక, దాని చుట్టూ కాపలా పెట్టిన రాళ్లను కూడా ఎత్తేయండి. చీకట్లో ఆ రాయి ఎవరి బిడ్డకు తగులుతుందో మనకు తెలియదు.

ఇప్పుడు కొంచెం లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం వచ్చినదాన్ని చూసి బ్రేకు మీద చెయ్యి పడేలోపు ఒక సెకను పోతుంది, అంటే 17 మీటర్లు అప్పటికే అయిపోయాయి. రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే ఎండిన తారు మీద ఆ తర్వాత సుమారు 20 మీటర్లలో ఆగుతాం. తడి తారు మీద 35. రేగడి పూత మీద 55, 60 పట్టవచ్చు. వెనుక బ్రేకు ఒక్కటే వాడితే ఎండిన రోడ్డు మీద కూడా ఆ 20 కాస్తా 40కి చేరుతుంది. ఇప్పుడు వేగం 40కి తగ్గించండి. రేగడి పూత మీద, సెకను ఆలస్యం కలుపుకుని, 36 మీటర్లు. ఎండిన రోడ్డు మీద 60తో వెళ్తూ ఆగడానికి పట్టేదీ అంతే, 37. అంటే రోడ్డు నల్లగా మెరుస్తుంటే మీటరులో 40 చూపినా, అది 60 అని లెక్కవేసుకుని ముందు బండికి దూరం ఉంచండి.

చేతులూ కాళ్లూ ఏం చేయాలి? ముందుగా యాక్సిలరేటర్ వదలండి. ఇంజను కూడా కొంత బ్రేకే. ఆ వెంటనే వెనుక బ్రేకు మెల్లగా, దానితో పాటే ముందు బ్రేకు రెండు వేళ్లతో. క్లచ్ మాత్రం వెంటనే పట్టకండి. మనలో చాలామందికి బ్రేకుతో పాటు క్లచ్ కూడా పట్టే అలవాటుంది. పట్టగానే ఇంజను సాయం తెగిపోయి బండి జారుడుబల్ల మీద ఉన్నట్టు వెళ్తుంది. ఆగబోయే చివరి క్షణంలో, ఇంజను దడదడలాడే ముందు పట్టండి. గేర్లు ఒక్కొక్కటిగా దించండి. నాలుగు నుంచి ఒకేసారి రెండుకు దించి క్లచ్ వదిలితే వెనుక చక్రం బ్రేకు వేసినట్టే జారుతుంది.

అయినా చక్రం జారితే? ముందు చక్రం జారినట్టు అనిపిస్తే ఆలోచించకుండా లివరు వదిలి, మళ్లీ మెల్లగా పట్టండి. వెనుక చక్రం జారుతూ బండి తిన్నగానే ఉంటే పాదం కొంచెం తేలిక చేయండి. బండి అప్పటికే బాగా అడ్డం తిరిగి ఉంటే మాత్రం పాదం ఒక్కసారిగా తీయకండి. టైరుకు హఠాత్తుగా పట్టు దొరికి మనిషిని ఎగరేసి కొడుతుంది. చూపు ముందుకే ఉంచండి. గుంతను చూస్తే గుంతలోకే వెళ్తాం.

రాయచోటి వైపు వెళ్లేవాళ్లు గువ్వలచెరువు ఘాట్ సంగతి గుర్తుంచుకోండి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించకండి. మలుపులో బండి ఒరిగి ఉన్నప్పుడు టైరు పట్టంతా మలుపు తిరగడానికే ఖర్చవుతుంది, బ్రేకుకు మిగిలేది తక్కువ. అందుకే బ్రేకు పని మలుపు ముందే అయిపోవాలి. తప్పనిసరై మధ్యలో ఆగాల్సి వస్తే బండిని నిటారుగా లేపి, అప్పుడు బ్రేకు వేయండి.

కొత్త బండ్ల వాళ్లు ఏబీఎస్, అంటే బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, ఉంది కదా అంటారు. కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్న మోడళ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి, 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, 125 సీసీ, అంతకన్నా చిన్న బండ్లకు ఏబీఎస్ గానీ సీబీఎస్, అంటే రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు గానీ ఉండాలని నిబంధన వచ్చింది. మంచి పని జరిగింది. కానీ చాలా బండ్లలో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది, వెనుకది మామూలుగానే జారుతుంది. సీబీఎస్ బండిలో వెనుక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది, అంతవరకే. చక్రం బిగుసుకుపోకుండా అది ఆపదు. ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది గానీ, రేగడి మీద లేని పట్టును తెచ్చిపెట్టదు.

బండి సంగతి త్వరగా ముగిస్తాను. గుండు టైరుతో ఈ నాలుగు నెలలు తిరగకండి. టైరు పక్కన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. దాని ఎదుట గాడిలో ఉన్న చిన్న దిమ్మె టైరు మట్టానికి వచ్చిందంటే మార్చాల్సిందే. డిస్కు బ్రేకు నూనె తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించండి. వాగు దాటాక డ్రమ్ము బ్రేకులోకి నీళ్లు వెళ్తే పట్టు తగ్గుతుంది. కొంత దూరం తేలికగా బ్రేకు ఆనించి నడిపితే ఆరిపోతుంది.

పాలవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. నిండు క్యాను కన్నా సగం క్యాను ప్రమాదం. బ్రేకు వేయగానే పాలు ముందుకు కొట్టుకుని, మళ్లీ వెనక్కి వచ్చి బండిని రెండుసార్లు తోస్తాయి. మిగిలిన పాలను ఒక క్యానులోకి నిండుగా ఒంపుకుని తిరిగిరండి.

మైదానం చివర సిమెంటు నేల మీద నీళ్లు చల్లించాం. గీతలు గీసి ఉన్నాయి. 20 వేగం దాటకుండా వచ్చి మొదట వెనుక బ్రేకుతో, తర్వాత రెండింటితో ఆపి, ఎక్కడ ఆగారో మీరే చూసుకోండి. హెల్మెట్ లేనివాళ్లకు ఇక్కడ నాలుగు ఉన్నాయి. ముందుగా పాలవాళ్లు రండి. క్యాన్లు దించకండి, నీళ్లు పోసి ఉంచుదాం. రోజూ నడిపే బరువుతోనే నేర్చుకుందురు గాని.